గోదాన్ ఆవు, మంథన్ పాలు

ప్రేమ్‌చంద్ నవల 'గోదాన్' 1936 జూన్‌లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన కన్నుమూశాడు. శ్యామ్ బెనెగల్ సినిమా 'మంథన్' 1976లో వచ్చింది. నడుమ నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో దొరల పాలన పోయింది, చట్టం దృష్టిలో జమీందారీ పోయింది, గుజరాత్‌లోని ఆనంద్‌లో పుట్టిన పాల సహకార సంఘం దేశం మొత్తానికి నమూనా అయింది. నవల అవధ్ ప్రాంతపు పల్లెలో ఇంటి ముందు ఒక ఆవు ఉంటే చాలనుకుని ఆ కోరికతోనే చచ్చిపోయిన రైతు కథ. సినిమా గుజరాత్ పల్లెలో పాలకు న్యాయమైన ధర రాబట్టుకోవడానికి జనం కూడగట్టుకున్న కథ. రెండింట్లోనూ భోలా అనే మనిషి ఉన్నాడు. గోదాన్ భోలా పక్క ఊరి గొల్ల, భార్య పోయిన నడివయసు మనిషి, ఆవులే అతని ఆస్తి. మంథన్ భోలా దళితవాడలో ఎవరినీ నమ్మకుండా రగిలిపోయే యువకుడు, ఆ పాత్ర నసీరుద్దీన్ షా వేశాడు. పేరు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని కొలిస్తే మన పల్లెల్లో పాడి పేదవాడికి ఏమిచ్చిందో, ఏమివ్వలేదో చాలావరకు తెలుస్తుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. పేదకుటుంబానికి ఒక పశువునిస్తే ఆ ఇల్లు నిలబడుతుందన్న నమ్మకం మన ప్రభుత్వాల్లో, బ్యాంకుల్లో, మంచి మనసున్న దాతల్లో ఇప్పటికీ గట్టిగా ఉంది. గోదాన్‌లో పశువు ఇంటికి వస్తుంది. వచ్చిన కొద్దిరోజులకే ఆ ఇల్లు కూలడం మొదలవుతుంది. ఎందుకు కూలిందో ప్రేమ్‌చంద్ చూపినంత ఓపికగా మన సాహిత్యంలో మరెవరూ చూపలేదని నా అభిప్రాయం. ఆ కూలడాన్ని ఆపే మార్గం ఒకటుందని మంథన్ అంటుంది. ఆ మార్గం ఎంతవరకు నిజం, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ వ్యాసం.

మొదట ఆవు ఎలా వచ్చిందో చూద్దాం. నవలలోని రైతు హోరీకి ఉన్నది ఐదు బిఘాల కౌలు భూమి. జమీందారు రాయ్‌సాహెబ్ దర్శనానికి పోతుంటే దారిలో భోలా తన ఆవుల్ని తోలుకొస్తూ ఎదురవుతాడు. అందులో ఒక మేలుజాతి ఆవు మీద హోరీ కన్ను పడుతుంది. ధర ఎనభై రూపాయలు. హోరీ దగ్గర ఎనభై కాదు కదా, ఎనిమిది కూడా లేవు. భోలాకు మళ్లీ పెళ్లి కుదురుస్తానని ఆశ పెట్టి అరువు మీద బేరం చేస్తాడు. ఇంతవరకు మామూలు పల్లె లౌక్యమే. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. భోలా ఇంట్లో పశువులున్నాయి గానీ మేత లేదు. గడ్డి దొరక్క ఆవునే వదిలించుకోవాలన్నంత ఇబ్బందిలో ఉన్నాడు. ఆ మాట వినగానే హోరీ వెనక్కి తగ్గుతాడు. కష్టంలో ఉన్నవాడి ఆవును అలా తీసుకోవడం అధర్మమని అతనికి అనిపిస్తుంది. ఆవు సంగతి తర్వాత చూద్దామని, ముందు తన ఇంట్లోని భూసా (పొట్టు మేత) ఇస్తానంటాడు.

నవల తొలి పుటల్లోనే వచ్చే ఈ బేరాన్ని చాలామంది విమర్శకులు హోరీ మంచితనానికి ఉదాహరణగా మాత్రమే చెప్పి ముందుకు సాగిపోతారు. నాకు ఇందులో అంతకంటే పెద్ద విషయం కనిపిస్తుంది. సేద్యగాడి దగ్గర గడ్డి ఉంది, పశువు లేదు. కాపరి దగ్గర పశువు ఉంది, గడ్డి లేదు. ఒకరికొకరు అక్కరకు రావలసిన ఈ ఇద్దరి మధ్య డబ్బు లేదు, నమ్మదగ్గ వ్యవస్థ లేదు, ఉన్నదల్లా నోటిమాట. ఆ నోటిమాట మీద వచ్చిన ఆవు కొద్దిరోజుల్లోనే విషం తిని చచ్చిపోతుంది. వేరుపడ్డ తమ్ముడు హీరా అసూయతో పెట్టిన విషం అది. ఉమ్మడిగా ఉన్నప్పుడు దాచుకున్న సొమ్ముతోనే అన్న ఆవు కొన్నాడని అతని అనుమానం. ఆవు పోయినా అప్పు పోలేదు. ఆ ఆవు వంకతో భోలా ఇంటికి రాకపోకలు పెరిగిన హోరీ కొడుకు గోబర్, భోలా కూతురు ఝునియాను ప్రేమిస్తాడు. ఆమె వితంతువు. కడుపుతో ఉన్న పిల్లను ఇంటి గడప దగ్గర వదిలి గోబర్ పట్నం పారిపోతాడు. హోరీ, అతని భార్య ధనియా ఆమెను లోపలికి తీసుకుంటారు. దాంతో పంచాయితీ, వంద రూపాయల జరిమానా, పైన ముప్ఫై మణుగుల ధాన్యం. భోలా వచ్చి, పిల్లను వెళ్లగొట్టండి లేదా నా ఆవు డబ్బు ఇవ్వండి అంటాడు. ధనియా పిల్లను వదలదు. భోలా హోరీ ఎద్దుల్ని తోలుకుపోతాడు. ఎద్దులు లేని రైతు ఏమవుతాడు? ముందు పురోహితుడు దాతాదీన్‌తో వాటాకు సేద్యం చేస్తాడు, తర్వాత కూలివాడవుతాడు.

ఒక ఆవు అరువు మీద రావడం, ఎద్దుల జత పోవడంతో ముగిసింది. ఇందులో భోలా దుర్మార్గుడు కాడు. అతనూ మేత లేక అల్లాడిన మనిషే, పరువు పోయిందని కుమిలిన తండ్రే. పేదవాడు పేదవాడి ఎద్దుల్ని తోలుకుపోయే స్థితి ఎలా వచ్చిందో రాయడంలోనే ప్రేమ్‌చంద్ గొప్పతనం ఉంది.

మంథన్‌లో ఇలాంటి గొలుసు లేదు. ఇక్కడ పశువు ముందే ఇంట్లో ఉంది. పాడి చూసుకునే పల్లె స్త్రీ బిందు (స్మితా పాటిల్) ఇంట్లో, భోలా వాడలో, ఊరంతా పాడి ఉంది. పాలు కొనేవాడు ఒక్కడే, మిశ్రాజీ (అమ్రీశ్ పురి), సొంత డెయిరీ నడుపుతాడు. ఎంత ఇస్తే అంత పుచ్చుకోవాలి. అప్పు కావలిస్తే అతని దగ్గరికే పోవాలి. అప్పు ఉన్నంతకాలం పాలు అతనికే పోయాలి. అక్కడికి డాక్టర్ రావు (గిరీశ్ కర్నాడ్) అనే పశువైద్యుడు సహకార సంఘం పెట్టడానికి వస్తాడు. అతను మొదట చేసే పని ఉపన్యాసం కాదు, పాలు పరీక్షించడం. అందులో వెన్న ఎంత ఉందో చూసి, దానికి రావలసిన ధర ఇదీ అని చెప్పడం.

ఈ పరీక్షను నేను చిన్నవిషయంగా చూడలేను. పాలకేంద్రాల్లో చాలాకాలం వాడిన గర్బర్ పద్ధతిలో పాలకు గంధకామ్లం కలుపుతారు. మాంసకృత్తుల్ని ఆమ్లం కరిగించేస్తుంది, వెన్న మాత్రం విడిపడి గొట్టంలో పైకి తేలుతుంది. గొట్టం మీది గీతలు చదివితే వెన్నశాతం తెలిసిపోతుంది. చదువురానివాళ్లకు కూడా ఆ గీత కనిపిస్తుంది. గేదెపాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, ఆవుపాలలో మూడున్నర నాలుగు. చిక్కటి పాలు పోసినవాడికీ నీళ్లు కలిపినవాడికీ ఒకే ధర కట్టే వ్యాపారి దగ్గర నిజాయితీకి విలువ లేదు. గొట్టం వచ్చాక విలువ వచ్చింది. అంతకంటే ముఖ్యం, మిశ్రాజీ నోటి లెక్కకు బదులు ఎవరైనా సరిచూసుకోగల లెక్క వచ్చింది.

గోదాన్‌లో ఈ గొట్టానికి సాటి వచ్చే సన్నివేశం ఒకటుంది. అది హోలీ పండుగనాడు కుర్రాళ్లు ఆడిన పగటివేషం. పట్నం నుంచి కాస్త డబ్బుతో, చాలా ధైర్యంతో తిరిగివచ్చిన గోబర్ దాన్ని ఆడిస్తాడు. వడ్డీవ్యాపారి వేషం కట్టినవాడు పది రూపాయలకు కాగితం రాయించుకుని రైతు చేతిలో ఐదే పెడతాడు. మిగతా ఐదు ఏమయ్యాయంటే కానుక ఒకటి, రాతకూలి ఒకటి, కాగితానికి ఒకటి, మామూలు ఒకటి, ముందస్తు వడ్డీ ఒకటి. రైతు వేషగాడు ఆ చేతిలోని ఐదునూ తిరిగిచ్చేస్తాడు. దొరసానుల కానుకలకు, తాంబూలాలకు, చివరికి దొరగారి కర్మకాండకు అంటూ ఒక్కొక్కటే పంచిపెడతాడు. ఊరంతా నవ్వుతుంది. నవ్విన ఊరికి మర్నాడు కూడా అదే దొర దగ్గర అప్పు కావాలి. రైతుకు లెక్క తెలుసని ఈ వేషం చెబుతుంది. తెలిసిన లెక్కను అమలు చేయించే చోటు అతనికి లేదు. హోరీ బాకీలు చూడండి. ఎద్దు కోసం మంగరూ సాహు దగ్గర అరవై తీసుకున్నాడు, అరవై కట్టాడు, అరవై అలాగే ఉంది. బంగాళాదుంపలు వేయడానికి దాతాదీన్ దగ్గర ముప్ఫై తీసుకున్నాడు, దుంపల్ని దొంగలు తవ్వుకుపోయారు, మూడేళ్లలో ముప్ఫై వంద అయింది. ఉప్పూ నూనే అమ్మే దులారీ దగ్గర కూడా బాకీ ఉంది. చెరకు మిల్లుకు తోలితే డబ్బు చెల్లించేచోట వడ్డీవ్యాపారి ఝింగురీసింగ్ కాపుకాసి తన బాకీ పట్టుకుంటాడు. మిగిలింది జమీందారు గుమాస్తా నోఖేరాం లాక్కుంటాడు. హోరీ ఉత్తచేతులతో ఇంటికి వస్తాడు.

ఇక్కడే రెండు రచనల మధ్య నాకు తోచిన అసలు తేడా ఉంది. మంథన్‌లో శత్రువు ఒకడు. మిశ్రాజీని దాటితే ఊరు బాగుపడుతుందని కథ నిర్మాణమే చెబుతుంది. సర్పంచ్ (కుల్‌భూషణ్ ఖర్బందా) రెండో అడ్డంకి. గోదాన్‌లో శత్రువుల్ని వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెడితే చెయ్యి చాలదు. జమీందారు, గుమాస్తా, పట్వారీ, పురోహితుడు, పోలీసు, ముగ్గురు నలుగురు వడ్డీవ్యాపారులు, కులపంచాయితీ, సొంత తమ్ముడి అసూయ, ఆఖరికి హోరీ మనసులోనే ఉన్న మర్యాద భయం. తమ్ముడిని కాపాడాలని హోరీ కొడుకు తలమీద చెయ్యిపెట్టి అబద్ధపు ప్రమాణం చేస్తాడు. తమ్ముడి ఇంట్లో సోదా జరిగితే పరువు పోతుందని పోలీసుకు లంచం ఇవ్వడానికి అప్పు చేస్తాడు. ధనియా ఆ డబ్బును లాక్కుని విసిరికొట్టకపోతే అది కూడా పోయేదే. అతను పుణ్యాత్ముడూ కాడు. ఇంటి వెదుళ్లు అమ్మేటప్పుడు తమ్ముళ్ల వాటాలో కొంత మిగుల్చుకోవాలని చూస్తాడు. ఇన్ని ముడులున్న పేదరికాన్ని వెన్నశాతం గొట్టం ఒక్కటే విప్పగలదా? ధర పెరిగితే హోరీ చేతికి వచ్చేది పెరుగుతుంది, నిజమే. పెరిగిన సొమ్ము కోసం పాలకేంద్రం గుమ్మం దగ్గర ఝింగురీసింగ్ కాపుకాయడా?

ఈ ప్రశ్న మంథన్‌కు అన్యాయం చేయడానికి వేయడం లేదు. ఆ సినిమాకు ఉన్న బలం నవలకు లేదు. నవల ఓడిపోయినవాళ్ల చరిత్ర, సినిమా గెలిచిన ఒక ఉద్యమపు లోపలి మాట. గుజరాత్ సహకార పాల సమాఖ్యలోని 5 లక్షలమంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకుని ఈ సినిమా తీయించారు. పేర్లు పడేటప్పుడు నిర్మాతలుగా వాళ్లనే చెబుతారు. కథలో ఆనంద్ పాల సంఘాన్ని నడిపించిన వర్గీస్ కురియన్ చెయ్యి ఉంది, స్క్రీన్‌ప్లే విజయ్ తెందూల్కర్‌ది, మాటలు కైఫీ ఆజ్మీవి, ఛాయాగ్రహణం గోవింద్ నిహలానీది. తమ డబ్బుతో తీసిన సినిమాను చూడటానికి రైతులు లారీల్లో తరలివెళ్లారు. తర్వాత కొత్త జిల్లాల్లో సంఘాలు పెట్టడానికి వెళ్లిన బృందాలు ఈ సినిమానే వెంట తీసుకెళ్లి ఊళ్లలో వేసి చూపించాయి. పేద రైతుల గురించి తీసిన సినిమాలు మనకు చాలా ఉన్నాయి. పేద రైతులు తమ గురించి తాము తీయించుకున్నది, చూసి పని మొదలుపెట్టినది నాకు తెలిసినంతలో ఇది ఒక్కటే. గోదాన్ చదివి ఎవరూ సంఘం పెట్టలేదు. ఆ మాటకొస్తే హోరీలాంటివాళ్లకు గోదాన్ చదివే అవకాశమే లేదు.

అయితే సొంత డబ్బుతో సొంత కథ చెప్పుకున్నప్పుడు కొన్ని విషయాలు మరుగున పడతాయి. ఆనంద్ ఉన్న అప్పటి ఖేడా జిల్లాలో జరిగిన అసలు పోరాటం ఊరి వ్యాపారి మీద కాదు. బొంబాయికి పాలు సరఫరా చేసే గుత్తహక్కును 1945లో ప్రభుత్వం పోల్సన్ అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. రైతులు సర్దార్ పటేల్‌ను కలిశారు, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో పదిహేను రోజులు పాలు పోయకుండా ఆపేశారు, ఆ గెలుపు మీద 1946 డిసెంబరులో సంఘం రిజిస్టరయింది. కురియన్ ఆనంద్ చేరింది 1949లో. అంటే రైతుల సంఘం ముందు పుట్టింది, నిపుణుడు తర్వాత వచ్చాడు. మంథన్‌లో వరస తిరగబడింది. చదువుకున్నవాడు రైలు దిగి వస్తాడు, ఊరు మేల్కొంటుంది. రైతులు డబ్బిచ్చి తీయించిన సినిమాలో రైతుల నాయకుడు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. త్రిభువన్‌దాస్ లాంటి పాత్ర ఒక్కటి ఉండి ఉంటే డాక్టర్ రావు పక్కన కథ ఇంకోలా నిలబడేది.

ఈ లోపాన్ని సినిమా కొంతవరకు తానే దిద్దుకుంది. సంఘం ఎన్నికల్లో సర్పంచ్ ఓడి దళితుడు మోతీ గెలుస్తాడు. ఆ ఓటమిని అగ్రకులం భరించలేదు. దళితవాడ గుడిసెలు తగలబడతాయి. నిలువ నీడలేని జనానికి సాయం పేరుతో మిశ్రాజీ అప్పులిస్తాడు, వాళ్లు మళ్లీ పాలు అతనికే పోయాల్సివస్తుంది. రావును బదిలీ చేయిస్తారు. వచ్చినవాడు వచ్చినట్టే రైలెక్కి పోతాడు. స్టేషన్‌కు పరుగెత్తిన భోలా చేరేసరికి బండి కదిలిపోతుంది. తిరిగివచ్చి సంఘాన్ని మళ్లీ నిలబెట్టే పని అతనే అందుకుంటాడు. ప్రచారానికి ఉపయోగపడవలసిన సినిమా తన నాయకుణ్ణి ఇలా ఓటమితో పంపించడం చిన్న ధైర్యం కాదు. పట్నం మనుషుల మీద ఆ భోలాకు ఉన్న కోపానికీ కారణముంది, అతని తల్లిని మోసం చేసి పోయినవాడు ఒక పట్నం మనిషి. రావు సహచరుడు చందావర్కర్ (అనంత్ నాగ్) వాడలోని అమ్మాయి విషయంలో చేసిందీ అదే. రావు అతన్ని వెనక్కి పంపేస్తాడు, అంతే. ఆ అమ్మాయికి ఏమైందన్న ప్రశ్న సినిమాలో నిలవదు.

ఇదే విషయం గోదాన్‌లో ఎలా ఉందో చూడండి. దాతాదీన్ కొడుకు మాతాదీన్, చర్మకార కులానికి చెందిన సిలియాను ఉంచుకుంటాడు. కళ్లంలో ఆమె చేత చాకిరీ చేయించుకుంటాడు గానీ గింజ ముట్టనివ్వడు. ఒకరోజు సిలియా కులంవాళ్లు గుంపుగా వచ్చి మాతాదీన్‌ను పట్టుకుని అతని నోట్లో ఎముక కుక్కుతారు. మీరు మమ్మల్ని బ్రాహ్మణుల్ని చేయలేరు, మేం మిమ్మల్ని మాలో కలపగలం అన్నది వాళ్ల తర్కం. ఆ దెబ్బతో మాతాదీన్ బతుకే మారిపోతుంది. చాలా కాలానికి, చాలా నష్టం తర్వాత, అతను సిలియా గుడిసెకే వస్తాడు. 1936లో ఒక హిందీ నవల దళితుల చేతికి ఇచ్చిన ఈ చొరవను 1976 సినిమా ఇవ్వలేకపోయింది. కులం విషయంలో నవలే ముందుంది.

ఆడవాళ్ల సంగతికి వస్తే తూకం ఇంకా స్పష్టం. నా లెక్కలో గోదాన్ హోరీ నవల కన్నా ధనియా నవల. ఆమె మొగుడితో పోట్లాడుతుంది, పోలీసును నిలదీస్తుంది, పంచాయితీ పెద్దల ముఖానే వాళ్ల న్యాయం ఏమిటో చెబుతుంది, మరునిమిషంలో ఏడుస్తున్న కోడలిని దగ్గరికి తీసుకుంటుంది. చిన్నకూతురు రూపను రెండువందల రూపాయలకు బదులుగా వయసు మళ్లినవాడికి ఇచ్చి చేసినప్పుడు ఆ ఇంట్లో కుంగిపోయిన గౌరవం మొత్తం ఆమె మౌనంలో తెలుస్తుంది. బిందు కూడా బలమైన పాత్రే. స్మితా పాటిల్ కళ్లలో, నడకలో, వెటకారంలో ఒక పల్లెటూరి స్త్రీ ఆత్మగౌరవం కనిపిస్తుంది. కానీ కథ ఆమెను ఎక్కడికి తీసుకెళ్లింది? మిశ్రాజీ మనుషులు ఆమె చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. అందులో రావు ఆమెను చెరిచాడని రాసి ఉంటుంది. చదవలేని ఆమె వేలిముద్రతో సంఘాన్నే కూల్చాలని చూస్తారు. గేదెను మేపి, కడిగి, పాలు పితికి, కేంద్రానికి మోసిన మనిషి చివరికి కాగితం మీద ఒక వేలిముద్రగా మిగులుతుంది. సినిమా దీన్ని విషాదంగా చూపింది గానీ ఆ ప్రశ్నను సంఘం మీదికి మళ్లించలేదు. సభ్యత్వం ఎవరి పేరుమీద ఉంది? డబ్బు ఎవరి చేతిలో పడుతుంది?

ఇంటి పాడి పని చాలావరకు ఆడవాళ్లదే, సంఘం పుస్తకంలో పేరు ఎక్కువగా మగవాళ్లది. దేశమంతటా పాల సంఘాల మీద వచ్చిన గట్టి విమర్శ ఇది. ఇంకో విమర్శ కూడా ఉంది. 1970లో మొదలై 1996 దాకా సాగిన జాతీయ పాల పథకం ఆపరేషన్ ఫ్లడ్‌కు తొలి పెట్టుబడి, ఐరోపాలో మిగిలిపోయిన పాలపొడినీ వెన్ననూనెనూ దానంగా తీసుకుని ఇక్కడ అమ్మగా వచ్చిన డబ్బు. దాని ఫలం పట్నాలకు ఎంత, పల్లెలకు ఎంత అని 1983లో క్లాడ్ అల్వారిస్ ఇలస్ట్రేటెడ్ వీక్లీలో నిలదీసి రాశాడు. పెద్ద దుమారమే రేగింది. పాల దిగుబడి విషయంలో ఉద్యమం గెలిచిందనడంలో నాకు సందేహం లేదు, ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు పండించే దేశం మనది. అయినా గోదాన్ మొదటి పుటల్లో ఒక తండ్రి ఆవును ఎందుకు కోరుకున్నాడో మరిచిపోకూడదు. ఇంటి ముందు ఆవు ఉంటే శోభ, పొద్దున్నే దర్శనం చేసుకుంటే పుణ్యం, వీటితో పాటు కొడుకు గోబర్ పాలకు మొహంవాచి ఉన్నాడు. చివరికి ఎండలో కంకర తవ్వుతూ వడదెబ్బకు పడిపోయినప్పుడు కూడా హోరీ కూడబెడుతున్నది మనవడికి పాలిచ్చే ఆవు కోసమే. హోరీ కలలో పాలు అమ్మకానికి లేవు. మంథన్‌లో పాలు మొదటినుంచీ అమ్మకానికే ఉన్నాయి. వెన్నశాతం కట్టి ధర పెట్టిన చోట చిక్కటి పాలు కేంద్రానికి పోతాయి, ఇంట్లో పిల్లవాడికి మిగిలేది ఎంతో ఎవరూ కొలవరు.

అన్నిటికంటే మంథన్‌లో నాకు లోటనిపించింది మేత. కథను నడిపించే సమస్యల్లో ధర ఉంది, కులం ఉంది, ఓటు ఉంది, మేత లేదు. భూమిలేని ఆడమనిషి గేదె కట్టేయాలంటే గట్ల మీద గడ్డి కోసుకోవాలి. ఆ గట్టు ఎవరిది? ఆసాములది. మోతీకి ఓటు వేసినందుకు గుడిసెలు తగలబెట్టక్కర్లేదు, గట్టు మీద అడుగుపెట్టొద్దంటే చాలు, వారంలో గేదె ఒట్టిపోతుంది. ఈ సంగతి 1936లోనే గొల్ల భోలా నోట చెప్పించిన రచయిత ప్రేమ్‌చంద్. అందుకే ధరను గురించి మంథన్ చెప్పింది ఒప్పుకుంటూనే, పేదరికాన్ని గురించి గోదాన్ చెప్పిందే లోతైనదని నేనంటాను.

ఇది పాత పుస్తకాల తగాదా కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ పెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. కాపరుల కులవృత్తిని ప్రభుత్వం గౌరవించిందన్న సంతోషం ఊళ్లలో నిజంగా కలిగింది, దాన్ని తక్కువ చేయను. కానీ యూనిట్‌లో గొర్రెలను లెక్కించినట్టు బీడును లెక్కించలేదు. బోర్లు పడి, పత్తి వచ్చి, రెండో పంట వచ్చి మన దగ్గర బీళ్లు తగ్గాయి. కోతలయ్యాక చేలో మంద పెట్టించుకుని ఎరువుకు బదులు కాపరికి గింజలో డబ్బో ఇచ్చే అలవాటు కూడా తగ్గింది. హోరీ భూసా, భోలా ఆవు మధ్య ఉన్న బంధం లాంటిదే అది, కాకపోతే దానికి ఊరు కట్టిన ధర ఉండేది. ఆ బంధాన్ని నిలబెట్టకుండా పశువును ఇంటికి చేర్చితే ఆ భారమంతా కాపరి మీదే పడుతుంది.

మంచి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం ములుకనూరులో సహకార గ్రామీణ బ్యాంకు 1956 నుంచి నడుస్తోంది. విత్తనం, అప్పు, అమ్మకం ఒకే గుమ్మంలో జరిగేలా అది చూసుకుంది. హోరీ ఐదారుగురు షావుకార్ల మధ్య చీలిపోయిన బాకీని ఒక్కచోటికి తెచ్చి, పుస్తకాన్ని సభ్యుల ముందు తెరిచిపెట్టినట్టు. ఆ ఊరిలోనే 1995 పరస్పర సహాయక సహకార చట్టం కింద ఆడవాళ్ల పాల సంఘం వచ్చింది, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతోంది. సభ్యులు ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లదే. బిందు దగ్గర మంథన్ వదిలేసిన ప్రశ్నకు ఒక తెలుగు ఊరు ఇచ్చిన సమాధానం అది. అప్పు ఒకచోటికి చేరాక, పేరు ఆడమనిషిదయ్యాక పాడి వచ్చిందిక్కడ. ఆ వరస ముఖ్యం.

మంథన్‌ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించగా 2024లో కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు, మన థియేటర్లలోనూ వేశారు. చూడనివాళ్లు తప్పక చూడండి. చూసేముందు గోదాన్‌లో హోరీ, భోలా దారిలో కలిసే మొదటి పుటలు చదవండి. మీ ఊళ్లో పాలకేంద్రం ఉంటే ఒక పూట అక్కడికి వెళ్లి సభ్యుల పుస్తకం అడిగి తీసుకుని, అందులో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో, భూమిలేనివాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. తక్కువగా ఉంటే సంఘం సర్వసభ్య సమావేశంలో లేచి అడగండి.